చదివిస్తే పైకి వస్తారని తల్లిదండ్రులకు ఎంత నమ్మకంగా చెప్పవచ్చు?

ప్రశ్న: మున్సిపల్ హైస్కూల్ ఉపాధ్యాయిని, విజయవాడ

నేను అజిత్‌సింగ్ నగర్ వైపు ఒక మున్సిపల్ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లల తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవారు, అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్లుగా ఉన్నవారు, ఇళ్లలో పనిచేసే తల్లులు, ఆటోనగర్ షెడ్లకు వెళ్లేవారు ఎక్కువ. ప్రతి జూన్‌లో మేము ఇంటింటికీ తిరిగి పిల్లలను బడిలో చేర్పించమని అడుగుతాము, మధ్యలో మానేసినవారిని వెనక్కి రప్పించడానికి ప్రయత్నిస్తాము. అప్పుడు మేమంతా చెప్పే మాట ఒకటే: "చదివించండి, మీ పిల్లలు మీకంటే మెరుగ్గా బతుకుతారు."

ఈసారి ఒక తల్లి ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆమె పెద్ద కొడుకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ పూర్తిచేశాడు. చదువుకు తగిన ఉద్యోగం దొరకక ఇప్పుడు ఇళ్లకు పార్సిళ్లు అందించే పని చేస్తున్నాడు. పదో తరగతి తప్పిన ఆమె చెల్లెలి కొడుకు వెల్డింగ్ నేర్చుకుని అతని కంటే ఎక్కువ తెస్తున్నాడు. "రెండోవాణ్ని ఏం చూసి చదివించమంటారు టీచరమ్మా?" అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నలో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది. నేను చెప్పిన సమాధానం నాకే చాలినట్టు అనిపించలేదు.

కనుక ఇక్కడి పెద్దలను రెండు విషయాలు అడుగుతున్నాను. మొదటిది, చదువుకూ సమాజంలో పై మెట్టుకు చేరడానికీ మధ్య ఉన్న సంబంధం నిజంగా ఎంత గట్టిది? రెండవది, బడి పిల్లవాడిని ఉద్యోగానికి చేర్చలేకపోయినా ఇంకేదో చేస్తుందని మేము నమ్ముతాము. నలుగురిలో మెలగడం, నియమం పాటించడం, ఇతరుల మాట వినడం బడిలోనే అలవడతాయని అంటాము. ఆ నమ్మకానికి ఆధారం ఉందా, లేక మా వృత్తి మీది అభిమానమా? సమాజశాస్త్రం చదివినవారు, ఈ మార్గంలో స్వయంగా నడిచి వచ్చినవారు వివరంగా రాస్తే మా ఉపాధ్యాయులందరికీ చదివి వినిపిస్తాను.

సమాధానం 1: విశ్రాంత సోషియాలజీ అధ్యాపకుడు, గుంటూరు

అమ్మా, మీ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడినవే అయినా విడివిడిగా చూస్తేనే ఆ ముడి ఎక్కడుందో తెలుస్తుంది. రెండవదానితో మొదలుపెడతాను.

మీ నమ్మకానికి ఆధారం ఉంది. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమీల్ దుర్ఖైమ్ విద్యను నిర్వచించిన తీరే అది: సామాజిక జీవితానికి ఇంకా సిద్ధంకాని తరాన్ని పెద్ద తరం ఒక పద్ధతి ప్రకారం సిద్ధం చేయడమే విద్య అని ఆయన భావించారు. ఇంట్లోనూ పిల్లవాడు నేర్చుకుంటాడు, కానీ అక్కడ అతడు మన బిడ్డ కనుక మన్నన పొందుతాడు. తప్పు చేసినా, చేయకపోయినా అతని స్థానం మారదు. బడిలో తొలిసారిగా, తన మీద ప్రత్యేకమైన ప్రేమ లేని ఒక పెద్దమనిషి ముందు, అందరికీ వర్తించే నియమం కింద నిలబడతాడు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ 1959లో రాసిన ఒక వ్యాసంలో తరగతి గదిని కుటుంబానికీ బయటి సమాజానికీ మధ్య ఉన్న దశగా చూపి, సామాజికీకరణ, అంటే సమాజంలో మెలిగే తీరు అలవడటం, జరిగే ఆ గదిలోనే ఎవరు ఏ పనికి వెళ్లాలన్న ఎంపిక కూడా మొదలవుతుందని వివరించారు. మీ రెండు ప్రశ్నలకూ ముడి ఇక్కడే ఉంది. పిల్లలందరినీ ఒక సమాజంలో సభ్యులుగా చేసే సంస్థే, వారిని మార్కుల వారీగా వేరుచేసి వేర్వేరు బతుకులకు పంపుతోంది.

ఇక మొదటి ప్రశ్న. సమాజశాస్త్రవేత్త పితిరిమ్ సొరోకిన్ 1927లోనే సామాజిక గతిశీలత మీద, అంటే మనిషి ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మారడం మీద, పెద్ద గ్రంథం రాశారు. సైన్యం, మతసంస్థ, రాజకీయ పక్షం లాగే పాఠశాల కూడా మనిషి పైకి వెళ్లే ఒక మార్గమని, అయితే అది జల్లెడ పని కూడా చేస్తుందని ఆయన గుర్తించారు. ఆ తరువాతి పరిశోధకులు పైకి రావడంలో రెండు రకాలను వేరుచేశారు. ఒకటి, పైన చోట్లు పెరగడం వల్ల చాలామంది ఒకేసారి పైకి రావడం. రెండోది, పైన ఉన్న చోట్లు అన్నే ఉన్నా కింది ఇంట్లో పుట్టిన పిల్లవాడు పై ఇంట్లో పుట్టినవాడితో సమానంగా వాటికి పోటీపడగలగడం. మనం చదువు గొప్పతనంగా చెప్పుకునే కథల్లో చాలా భాగం మొదటి రకానివి.

మన ప్రాంతాన్నే తీసుకోండి. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చి బడులకు పునాది వేశారు. 1885లో ఆంధ్ర క్రిస్టియన్ కళాశాల మొదలైంది. అంతకుముందు అక్షరం దగ్గరికి రానివ్వని కులాల పిల్లలకు మిషన్ బడులే తొలి ప్రవేశం ఇచ్చాయి. మరోవైపు 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణా డెల్టా మాగాణిగా మారాక, భూమి ఉన్న రైతు కుటుంబాల చేతిలో మిగులు చేరింది. ఆ మిగులులో కొంత పిల్లల చదువులకు, హాస్టళ్లకు, ఊళ్లలో బడులు కట్టించడానికి మళ్లింది. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ ఉద్యోగాలు, బ్యాంకులు, వైద్యం, ఇంజినీరింగ్ వరుసగా విస్తరించాయి. 1946లో గుంటూరు వైద్య కళాశాల, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. దేశంలో అక్షరాస్యత 1951లో సుమారు 18 శాతం. 2011కు అది 73 శాతం దాకా చేరింది. అంటే ఒక తరం పాటు డిగ్రీ ఉన్నవారు తక్కువ, డిగ్రీ అడిగే కొలువులు పెరుగుతూ ఉన్నాయి. ఆ రోజుల్లో చదివినవాడు పైకి వచ్చాడంటే అతని చదువుతోపాటు ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ కూడా దానికి కారణం. భూమి ఉన్నవారు ఆ కుర్చీని ముందుగా అందుకున్నారు. భూమి లేనివారికి సంక్షేమ హాస్టళ్లు, రిజర్వేషన్లు లేకపోతే ఆ దారి దాదాపు తెరుచుకునేదే కాదు. ఈ సంగతిని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎందుకంటే తమ కుటుంబం కేవలం కష్టపడి చదివి పైకొచ్చిందని నమ్మేవారు, ఇప్పుడు వెనకబడినవారిని కష్టపడనివారిగా చూస్తున్నారు.

ఇప్పటి స్థితి తలకిందులైంది. 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఇంజినీరింగ్ పేద ఇళ్లలోకి వచ్చింది, అది మంచిదే. కానీ డిగ్రీలు పెరిగినంత వేగంగా డిగ్రీకి తగిన కొలువులు పెరగలేదు. అందరి చేతిలో ఒకే పట్టా ఉన్నప్పుడు యజమాని మరొకటి చూస్తాడు: ఏ కళాశాల, ఎలాంటి ఇంగ్లిషు, ఎవరి సిఫారసు. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త రొనాల్డ్ డోర్ 1976లోనే ఈ పరిణామాన్ని వివరించారు. ఆలస్యంగా అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రతి ఉద్యోగానికీ అడిగే పట్టా స్థాయి పెరుగుతూ పోతుందని, చదువు నేర్చుకోవడంగా కాక పట్టాల వేటగా మారుతుందని ఆయన హెచ్చరించారు. మీరు చెప్పిన పెద్ద కొడుకు స్థితి ఇదే. అతడు విఫలుడు కాడు. అతని పట్టాకు ఉన్న విలువ అతడు చదువుతుండగానే తగ్గిపోయింది.

పట్టా సమానమైనప్పుడు యజమాని చూసే ఆ రెండో వస్తువును ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియర్ బూర్దియూ సాంస్కృతిక పెట్టుబడి అన్నారు. తోటి సమాజశాస్త్రవేత్త పాసెరాన్‌తో కలిసి 1970లో రాసిన గ్రంథంలో ఆయన చూపినదేమిటంటే, బడి అందరికీ ఒకే పాఠం చెబుతున్నట్టు కనిపించినా, ఆ పాఠపు భాషా, మర్యాదా, అభిరుచీ ముందే ఇంట్లో ఉన్న పిల్లవాడికి అది తన ఇంటి కొనసాగింపులా ఉంటుంది. అవి లేని పిల్లవాడు పాఠంతోపాటు ఒక కొత్త లోకాన్ని కూడా నేర్చుకోవాలి. తరువాత పరీక్ష ఇద్దరినీ ఒకే కొలతతో కొలిచి, తేడాను తెలివి అంటుంది.

ఇంకొక్క మాట, ఆ తల్లి గురించి. మరో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త రేమండ్ బూదాన్ 1974లో చెప్పిన సంగతి ఆమెకు న్యాయం చేస్తుంది. పేద ఇంటి పిల్లలు వెనకబడటానికి మార్కులు ఒక కారణమైతే, అవే మార్కులు వచ్చినప్పుడు కూడా వారు చిన్న దారి ఎంచుకోవడం రెండో కారణమని ఆయన తేల్చారు. అది అజ్ఞానం కాదు. నాలుగేళ్ల చదువు వృథా అయితే ఉన్న ఇంటికి అది ఒక నిరాశ. లేని ఇంటికి అప్పు, పోయిన కూలి, పెళ్లి కావలసిన ఆడపిల్ల. కాబట్టి ఆమె వేసిన లెక్క సరైన లెక్కే. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2018లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం, మన దేశంలో అట్టడుగు ఆదాయపు కుటుంబం సగటు ఆదాయానికి చేరడానికి ఏడు తరాలు పట్టవచ్చు. డెన్మార్క్‌లో రెండు తరాలు చాలు. రెండుచోట్లా పిల్లలు బడికి వెళ్తున్నారు. బడి చుట్టూ ఉన్న వైద్యం, వేతనాలు, పన్నులు, ఇళ్లు అక్కడ వేరు. బడి ఒక్కటే మోయలేని బరువును బడి మీద పెట్టి, అది మోయలేదని చివరికి పిల్లవాడిని నిందించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సమాధానం 2: బ్యాంకు అధికారి, గుంటూరు

మాస్టారు రాసినదాన్ని నా జీవితంలో చూసిన మనిషిగా కొన్ని సంగతులు చేరుస్తాను. మా నాన్న మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసేవారు, మా అమ్మ సీజన్లో మిర్చి తొడాలు తీసే పనికి వెళ్లేది. నేను ప్రవేశ పరీక్ష రాసి ఒక గురుకుల పాఠశాలలో చేరాను. మన రాష్ట్రంలో ఆ గురుకులాలు 1970ల ఆరంభంలో మొదలయ్యాయి. గుంటూరు జిల్లా తాడికొండ బడి వాటిలో తొలి వరుసది. పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలను ఎంచుకుని, తిండీ బసా పుస్తకాలూ ఇచ్చి, తెలుగు మాధ్యమంలోనే చదివించి ఎంతోమందిని అధికారులుగా, వైద్యులుగా చేసిన ఏర్పాటు అది. బడితో ఏమీ కాదని అనేవారు ఆ ఫలితాలను ఒకసారి చూడాలి.

గురుకులం నాకు ఇచ్చినది మార్కులే అనుకుంటే పొరపాటు. నాకంటే రెండేళ్లు పెద్దవారు ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో, ఏ గ్రూపు తీసుకుంటే ఏ ఉద్యోగానికి వెళ్లవచ్చో చెప్పారు. మా ఇంట్లో ఆ సమాచారం ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు. ఆఫీసులో అధికారి ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడవచ్చని, కాగితం మీద రాసి ఇస్తే జవాబు అడిగే హక్కు ఉంటుందని అక్కడే తెలిసింది. మా నాన్న కమీషన్ ఏజెంటు దగ్గర ఎప్పుడూ నిలబడే మాట్లాడేవారు. ఒక తరంలో మారినది ఆదాయం కంటే ముందు ఇదే. సామాజికీకరణ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం కూడా ఇదే: పాత ఇంటి అలవాటు మీద కొత్త అలవాటు పెరగడం.

అయితే దానికి చెల్లించిన మూల్యం గురించి కూడా ఉపాధ్యాయులు పిల్లలతో మాట్లాడాలి. పన్నెండేళ్ల వయసులో ఇల్లు వదిలినవాడికి ఇంటికి వెళ్లినప్పుడు మాటల్లో తేడా వస్తుంది, తిండిలో తేడా వస్తుంది, తల్లిదండ్రుల పనిని చెప్పుకోవడానికి జంకు వస్తుంది. ఆ జంకు తప్పని, అది బడి తనకు తెలియకుండానే నేర్పిన పాఠమని నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. చెప్పి ఉంటే చాలా ఏళ్లు తేలికయ్యేవి.

మరొకటి కులం. ఉద్యోగం వచ్చి గుంటూరులో ఇల్లు అద్దెకు వెతికినప్పుడు, నా హోదా విని మర్యాదగా మాట్లాడిన ఒక యజమాని నా కులం తెలిశాక ఇల్లు వేరేవారికి ఇచ్చామన్నారు. జీతం ఒక మెట్టు, గౌరవం మరో మెట్టు. రెండూ ఒకే వేగంతో ఎక్కవు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు ఉపాధ్యాయ వృత్తిలో ఉండి, తెలుగు పద్యాన్ని శిఖరానికి చేర్చి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. అంతటి విద్వత్తు కూడా అంటరానితనపు అవమానాల నుంచి ఆయనను కాపాడలేదు. కాబట్టి చదువు పైకి తెస్తుందా అని అడిగినప్పుడు, ఏ నిచ్చెన మీద అని కూడా అడగాలి. ఆదాయపు నిచ్చెన మీద చదువు నన్ను తీసుకువెళ్లింది. కులపు నిచ్చెనను చదివినవారు, చదవనివారు కలిసి పడగొట్టాలే గాని, ఒక్కొక్కరం ఎక్కి దాటగలిగేది కాదు. అయినా నేను చదువుకోకపోతే ఆ యజమాని చేసినది అన్యాయమని పేరుపెట్టి, ఇలా నలుగురి ముందు రాసే శక్తి నాకు ఉండేది కాదు.

సమాధానం 3: జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, విజయవాడ

టీచర్ గారూ, నేను నగర శివారులో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పాఠం చెబుతున్నాను. మాస్టారు చెప్పిన రెండు పనుల్లో, అంటే సభ్యులుగా చేయడం, వేరుచేయడం అన్న వాటిలో, మా నగరం మొదటిదాన్ని దాదాపు వదిలేసి రెండోదాన్నే పరిశ్రమగా మార్చిందని నేను భావిస్తున్నాను. 1986లో ఎంసెట్ మొదలైన తరువాత ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఆ పరీక్షకు సన్నాహంగా మారిపోయాయి. ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి దారుల్లో కనిపించే హాస్టళ్లన్నీ ఆ సన్నాహం చుట్టూ పెరిగినవే. పిల్లలను వారాంతపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీస్తారు. మార్కులు మారితే సెక్షన్ మారుతుంది, గది కూడా మారుతుంది. పక్కన కూర్చున్న స్నేహితుడు పోటీదారు అన్న భావం పదహారేళ్లకే నాటుకుంటుంది. ఇది కూడా సామాజికీకరణే. సిలబస్‌లో లేకపోయినా అన్నిటికంటే బలంగా నేర్పే పాఠం ఇదే.

నా ఆందోళన అంతకంటే ముందు దశ గురించి. ఇప్పుడు ఒకే వీధి పిల్లలు ఉదయం నాలుగు రకాల బళ్లకు వెళ్తున్నారు. డాక్టరు గారి అబ్బాయి ఒక బస్సు, గుమాస్తా గారి అబ్బాయి మరో బస్సు, మేస్త్రీ కొడుకు ఆటోలో చిన్న ప్రైవేటు బడికి, వాచ్‌మన్ కూతురు నడిచి మీ మున్సిపల్ బడికి. పదేళ్లపాటు వీరు ఒకే బల్ల మీద కూర్చోరు, ఒకరి ఇంటికి ఒకరు వెళ్లరు. మా అమ్మ చదివిన రోజుల్లో మున్సిపల్ హైస్కూల్లో వకీలు గారి పిల్లలూ, రిక్షా తొక్కేవారి పిల్లలూ ఒకే తరగతిలో ఉండేవారని ఆమె చెబుతుంది. కులం అప్పుడూ ఉంది, గోడలు అప్పుడూ ఉన్నాయి, నేను ఆ కాలాన్ని బంగారంగా చూపడం లేదు. కానీ బ్యాంకు అధికారి గారు పెద్ద విద్యార్థుల నుంచి నేర్చుకున్నానని చెప్పినవాటిని, ఆ తరగతిలో పేద పిల్లవాడు పక్కవాడి నుంచి నేర్చుకునేవాడు. ఉన్న ఇంటి పిల్లవాడు కూడా, లేమి అంటే బద్ధకం కాదని తన కళ్లతో చూసేవాడు. ఇప్పుడు ఆ ఇద్దరికీ అది తెలిసే చోటు లేదు.

దేశ విద్యావిధానాన్ని పరిశీలించిన కొఠారీ కమిషన్ 1964 నుంచి 1966 వరకు పనిచేసి, అన్ని వర్గాల పిల్లలూ తమ పరిసరాల్లోని బడిలోనే కలిసి చదివే ఉమ్మడి పాఠశాల విధానాన్ని సిఫారసు చేసింది. మనం ఆ దారిలో నడవలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని 12వ సెక్షన్ ద్వారా చెప్పింది. మన రాష్ట్రంలో ఆ నిబంధన చాలా ఆలస్యంగా కదిలింది. అది నిజాయితీగా అమలైన చోట కూడా, వచ్చిన పిల్లలను వేరే సెక్షన్లో కూర్చోబెడితే దాని ఉద్దేశం నెరవేరదు. ఉచిత సీటు అందులో సగం మాత్రమే, కలిసి పెరగడం మిగతా సగం.

అందుకే నా అభిప్రాయం ఇది: పేద పిల్లవాడు పైకి రావడానికి అడ్డుగా నిలిచినది మీ బడిలో పాఠం సరిగా లేకపోవడం కాదు, మీ బడిలో ఇప్పుడు పేద పిల్లలు తప్ప ఎవరూ లేకపోవడం. పైవర్గం వెళ్లిపోయిన బడికి నీళ్లు రాకపోయినా, ఉపాధ్యాయుడు లేకపోయినా, అడిగి సాధించే గొంతు కూడా వెళ్లిపోతుంది.

సమాధానం 4: వర్క్‌షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ

నేను ఎక్కువ చదువుకున్నవాడిని కాను, పదో తరగతి తరువాత లేత్ మీద పని నేర్చుకుని ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాను. ఆ తల్లి గారు పోల్చిన ఇద్దరు కుర్రవాళ్ల గురించి చెప్పవలసింది నాకు ఉంది.

ముందుగా, షెడ్డును చదువు చెడినవారి చోటుగా చూడవద్దని ఉపాధ్యాయులను కోరుతున్నాను. మేస్త్రీ దగ్గర కుర్రవాడు సమయానికి రావడం, పనిముట్టు వాడినచోట పెట్టడం, కొలత తప్పితే ఒప్పుకోవడం, ఖాతాదారుతో మాట్లాడటం నేర్చుకుంటాడు. దుర్ఖైమ్ గారు చెప్పిన సిద్ధం చేయడం ఇక్కడా జరుగుతోంది. చేతిపని చేసేవాడికి సంపాదన ఉన్నా పెళ్లి సంబంధాల్లో విలువ ఇవ్వని సమాజాన్ని కూడా మీ పాఠంలో ప్రశ్నించండి.

కానీ ఆ తల్లి గారు ఇరవై రెండేళ్ల వయసులో లెక్క చూస్తున్నారు. ముప్పై అయిదేళ్ల వయసులో చూడాలి. పని నేర్చినవాడి కూలి మొదట త్వరగా పెరిగి, తరువాత ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్లేవారు లెక్క రాయగలిగినవారు, కొటేషన్ తయారుచేయగలిగినవారు, బ్యాంకు రుణానికి కాగితాలు పెట్టగలిగినవారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రిటర్నులు తెలియని చిన్న షెడ్లు పెద్ద కంపెనీల పనులు అందుకోలేకపోయాయి. 2020 ఏప్రిల్ నుంచి కాలుష్యం తగ్గించే బీఎస్ 6 ప్రమాణాల ఇంజిన్లు కొత్త వాహనాలకు తప్పనిసరి అయ్యాయి. వాటిలో లోపం చెవితో విని చెప్పలేము, స్కానర్ పెట్టి కోడ్ చదివి, వైరింగ్ పటం చూసి తెలుసుకోవాలి. మా దగ్గర పని బాగా వచ్చిన ఎంతోమంది ఆ పటం ముందు ఆగిపోతున్నారు. దెబ్బ తగిలితే, చూపు తగ్గితే పని మానేయవలసిన శరీరశ్రమ ఇది. పింఛను లేదు, చాలామందికి ఈఎస్ఐ కూడా ఉండదు.

కనుక చిన్నవాణ్ని పదో తరగతి తప్పనిసరిగా పూర్తిచేయించమని, ఆ తరువాత చేతిపని మీద ఇష్టం ఉంటే ఐటీఐ లేదా పాలిటెక్నిక్ వైపు పంపమని చెప్పండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాడు తరువాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే ఆ దారి మూసుకుపోయేది కాదు. ఇది మా షెడ్లలో చాలామందికి తెలియదు, తెలిసేసరికి వయసు దాటిపోతోంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. నేను ఇంతకాలం చెప్పిన మాటలో పిల్లవాడిని నలుగురిలో ఒకడిగా తీర్చడం, పై మెట్టుకు చేర్చడం అన్న రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయని అర్థమైంది. జూనియర్ కళాశాల అధ్యాపకురాలు చెప్పిన ఉమ్మడి బడి మా చేతిలో లేదు, అది ప్రభుత్వమూ సమాజమూ తీసుకోవలసిన నిర్ణయం. మా పరిధిలో మేము చేయగలిగినదేమిటో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, మాస్టారు మరోసారి రాస్తే బాగుంటుంది. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లో కొందరికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు.

సమాధానం 5: విశ్రాంత సోషియాలజీ అధ్యాపకుడు, గుంటూరు

అమ్మా, ముందు ఆడపిల్లల సంగతి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతన్ స్థాపించినప్పుడు, అమ్మాయిని చదివిస్తే పెళ్లి కాదన్న భయమే వారికి ఎదురైన పెద్ద అడ్డంకి. ఇప్పుడు ఆ భయం వేరే రూపంలో ఉంది: ఎక్కువ చదివితే అంతకంటే చదివిన అల్లుణ్ని వెతకాలి, అతనికి కట్నం ఎక్కువ అన్న లెక్క. దీనికి ఉపన్యాసంతో జవాబు చెప్పలేము. అదే పేటలో చదివి, సంపాదిస్తూ, తన పెళ్లి విషయంలో తన మాట చెల్లించుకున్న ఒక యువతిని ఆ తల్లుల ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. పద్దెనిమిదేళ్లలోపు పెళ్లి చట్టరీత్యా నేరమని కూడా వారికి స్పష్టంగా తెలియాలి. తల్లి చదువు తరువాతి తరం బడి మీద చూపే ప్రభావం మన ఇళ్లలో అందరికీ కనిపించేదే. పిల్లవాడి నోట్సు తెరిచి చూడగలిగిన తల్లి ఉన్న ఇంటికీ, లేని ఇంటికీ తేడా మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక మీ పరిధి. బూదాన్ చెప్పిన రెండో అడ్డంకి, అంటే మార్కులు ఉన్నా చిన్న దారి ఎంచుకోవడం, సగానికి పైగా సమాచారం లేకపోవడం వల్ల వచ్చేదని నా అనుభవం. వర్క్‌షాపు యజమాని గారు చెప్పిన ఈసెట్ దారే అందుకు ఉదాహరణ. ప్రభుత్వ, ఎయిడెడ్, మున్సిపల్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతన పరీక్ష ఉంది. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలలోపు ఉండాలి. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. పదో తరగతి తరువాత నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకు ప్రవేశం ఇస్తుంది, ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు స్కోరు కూడా కలుపుతుంది. కోచింగ్ కొనలేని ఇంటికి ఇంతకంటే తగిన తలుపు మన ప్రాంతంలో నాకు కనిపించలేదు.

బడి బయట కూడా ఒక చోటు ఉంది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది మీ బెజవాడలోనే. ఇంట్లో పుస్తకం లేని పిల్లవాడికి పుస్తకం అందించడమే ఆ ఉద్యమపు పట్టుదల. మీ తరగతిని నెలకొకసారి దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి నడిపించి, ప్రతి పిల్లవాడి చేత సభ్యత్వ కార్డు తీయించండి. సాయంత్రాలు అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పెద్ద పిల్లలు ఉంటారు. బ్యాంకు అధికారి గారికి గురుకులంలో దొరికిన సీనియర్లు మీ పిల్లలకు అక్కడ దొరకవచ్చు.

ఆ తల్లి దగ్గరకు మళ్లీ వెళ్లినప్పుడు, చదివిస్తే ఉద్యోగం ఖాయం అనవద్దు. పదో తరగతి వరకు చదివిస్తే ఏయే దారులు తెరిచి ఉంటాయో, ఇప్పుడే మాన్పిస్తే వాటిలో ఏవి మూసుకుపోతాయో కాగితం మీద రాసి ఇవ్వండి. వీలైతే పెద్ద కొడుకును కూడా కూర్చోబెట్టి, అతని పట్టాతో ఇంకా రాయగల పరీక్షలేమిటో చూడండి. చిన్నవాడు ఎనిమిదో తరగతి అయితే ఎన్ఎంఎంఎస్ దరఖాస్తుకు ఆదాయ ధ్రువీకరణ పత్రం, రిజర్వేషన్ వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం కావాలి. ప్రకటన వచ్చాక పరుగెత్తితే వార్డు సచివాలయంలో ఆలస్యం కావచ్చు. తల్లిదండ్రుల సమావేశాన్ని కాస్త ముందుగా పెట్టి, ఆ పత్రాలకు అప్పుడే దరఖాస్తు చేయించండి.